ఒకటో తరగతి వరుస

జూన్ మొదటివారంలో సారు కాన్వెంటు వ్యానుకు జరిగే సింగారం పెళ్లికొడుక్కి కూడా జరగదు. అన్వర్ పొద్దున్నే లేచి రెండు బకెట్ల నీళ్లతో దాన్ని కడిగాడు. అద్దాలు పాత పేపరుతో రుద్దాడు. టైరు సందుల్లో ఇరుక్కున్న ఎండుమట్టిని స్క్రూడ్రైవరుతో గీకి తీశాడు. పక్కన పసుపురంగు మీద రాసిన బడి పేరు దగ్గర మాత్రం ఇంకోసారి తడిగుడ్డ వేశాడు. ఆ పేరులో టెక్నో ఉంది, ఒలింపియాడ్ ఉంది, గ్లోబల్ కూడా ఉంది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా దాన్ని పూర్తిగా పలికినవాడు ఇంతవరకూ పుట్టలేదు. బడి పెట్టిన యజ్ఞనారాయణ సారు తప్ప మిగతా లోకానికంతా అది సారు కాన్వెంటే.

లోపల షహర్ బాను కుట్టుమిషను పక్కకు జరిపి కూతురికి జడలు వేస్తోంది. తొమ్మిదేళ్ల అనం కదలకుండా కూచుంది. బడి తెరవడానికి ఇంకా వారం ఉంది. అయినా ఆ పిల్ల ఒంటిమీద యూనిఫాం ఉంది, మోకాళ్ల దాకా తెల్ల సాక్సులున్నాయి.

"టై వద్దు అమ్మీ. ఉడుకపోస్తాంది."

"సారు కట్టుమన్నడు బేటా. ఒక్క పూటనే గద."

అనం మెడ ముందుకు చాపింది.

అడ్మిషన్ల కాలంలో ఒక్కో కాన్వెంటుది ఒక్కో విద్య. ఒకరు గొడుగులు పంచుతారు, ఇంకొకరు టిఫిను డబ్బాలు పంచుతారు. దుండిగల్ వైపు ఒకాయన మ్యాజిక్కు చేసేవాణ్ని తెచ్చి పావురాలు ఎగరేయించాడని చెప్పుకున్నారు. యజ్ఞనారాయణ ఏమీ పంచడు. అనంను తీసుకొస్తాడు. నలుగురు పోగయ్యేచోట స్టూలు వేసి నిలబెడతాడు. ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, 'మై స్కూల్' అని మొదలుపెట్టి నాలుగు నిమిషాలపాటు ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతుంది. ఎక్కడా తడబడదు, ఎవరి మొహమూ చూడదు. చప్పట్లు ఆగాక సారు అసలు మాట అంటాడు.

"ఈ పాప ఎవరనుకుంటున్నారు? కలెక్టరు బిడ్డ కాదు. ఇదిగో, ఈ వ్యాను తోలే అన్వర్ బిడ్డ."

అప్పుడు అన్వర్ చేతిలోని తుడుపుగుడ్డ మడతపెడుతూ నేలచూపు చూస్తాడు. లోపల మాత్రం ఛాతీ రెండింతలవుతుంది. తను ఐదో తరగతితో ఆగిపోయినవాడు. మూడేళ్లుగా ఏ ఊరికి పోయినా ఆ ఒక్క నిమిషం కోసమే అతను ఎదురుచూస్తాడు.

ఈసారి పోవలసింది ఎక్కడికో కాదు, సొంత ఊరికే. అన్వర్ ఇల్లు గంగకుంట కమాను దగ్గర, రోడ్డు పక్కన ఉంది. అసలు ఊరు లోపల, చెరువు ఒడ్డున ఉంది. చేపలు పట్టేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, నాలుగైదు సేద్యపు కుటుంబాలు. మొన్న ఎండాకాలంలోనే ఊళ్లోకి సిమెంటు రోడ్డు పడింది. వ్యాను లోపలికి పోయే వీలొచ్చింది. రోడ్డు పడగానే మొదట వచ్చింది బస్సు కాదు, అంబులెన్సు కాదు, కాన్వెంటు వ్యాను.

గండయ్య ఇంటి ముందు జనం చేరారు. గండయ్య పొద్దుటి వేట ముగించుకుని వచ్చి, తడి వలను కంచె మీద ఆరేస్తున్నాడు. అతని తల్లి శివమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూచుంది. రెండో తరగతి అయిపోయిన మనవరాలు దీప, ఇంకా బడి మొహం చూడని మనవడు సన్నీ ఆమెకు చెరో పక్కనా ఉన్నారు. సారు మాటలు మొదలుపెట్టబోతుండగా సందు మలుపులో నల్లగొడుగు కనిపించింది. సర్కారు బడి టీచరు పార్వతీదేవి. చంకలో గుడ్డసంచి, దాంట్లో హాజరు రిజిస్టరు. ఆమె కూడా పిల్లల కోసమే ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు. ఒకే గడపలోకి ఇద్దరు పెళ్లిళ్ల పేరయ్యలు వచ్చినట్టయింది.

గండయ్యే అడిగాడు. "టీచరమ్మా, ఒక్క మాటడుగుత. ఏమనుకోకు. నీ పిల్లలు యాడ సదివిండ్రు?"

పార్వతీదేవి గొడుగు ముడిచింది. "ఒక్కడే కొడుకు. ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నడు. చిన్నప్పుడు ప్రైవేటు బడిలనే చదివిండు. అప్పుడు నాకు ధైర్యం చాలలేదు గండయ్యా."

ఇంతకంటే మంచి మాట సారు దేవుణ్ని వేడుకున్నా దొరికేది కాదు. అబద్ధం చెబితే ఏం పోయింది ఈమెకు, అనుకున్నాడు అన్వర్. అడిగినవాళ్లలో ఎవరు పోయి కనుక్కుంటారు? ఆమె మాత్రం అన్న మాటను వెనక్కి తీసుకునే ప్రయత్నమేదీ చేయలేదు. ఒక పక్కగా నిలబడి అనం వైపు చూసింది.

అనం స్టూలెక్కింది. 'మై స్కూల్' మొదలైంది. కంచె మీది వలల్లోంచి నీళ్లు బొట్లుబొట్లుగా పడుతూనే ఉన్నాయి. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. అర్థం కాకపోవడమే దాని గొప్పదనం.

చప్పట్లు అయ్యాక శివమ్మ చెయ్యి చాపి పిల్లను దగ్గరకు పిలిచింది. సారు పంచిన కరపత్రం ఆమె చేతిలో ఉంది. "మస్తు జెప్పినవ్ బిడ్డా. నీ నోట్ల చక్కెర పొయ్య. ఇగ గిది సదువు. గీ కాయితంల ఏం రాసిండ్రో మేం గూడ ఇంటం."

అనం కరపత్రం అందుకుంది. సారు గొంతు సవరించుకున్నాడు. పిల్ల ఒకసారి ఆయన వైపు చూసి, పై వరుస మీద వేలు పెట్టి, చదవడం మొదలుపెట్టింది. అదే ధాటి, అదే స్పష్టత. వేలు ఒక వరుస తర్వాత ఇంకో వరుస మీదుగా నడిచింది. అవ్వ మురిసిపోయింది. గండయ్య వల వదిలేసి వచ్చి నిలబడ్డాడు.

అన్వర్ పిల్ల భుజం వెనకే ఉన్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు. కానీ కళ్లున్నాయి. కాగితం మీద అక్షరాలు ఆరు వరుసలే ఉన్నాయి. వాటి కింద నీలంరంగు ఈతకొలను బొమ్మ ఉంది. సారు కాన్వెంటులో అలాంటిదేమీ లేదు, అది వేరే సంగతి. అనం వేలు ఆరో వరుస దాటింది. నీలంనీళ్ల మీదికి దిగింది. ఆ నీళ్ల మీద ఎడమ నుంచి కుడికి, మళ్లీ ఎడమ నుంచి కుడికి పోతూనే ఉంది. నోట్లోంచి మాటలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

మళ్లీ చప్పట్లు పడ్డాయి. అన్వర్ చేతులు లేవలేదు.

"నీ బిడ్డ లెక్క మా దీప గూడ మాట్లాడాలె అన్వరూ," అన్నాడు గండయ్య. "నువ్వు రోజు కండ్లార చూస్తున్నవ్. నువ్వు చెప్పు. పంపాల్నా?"

సారు అన్వర్ వైపు చూశాడు. జనమంతా చూశారు. ఏళ్ల తరబడి అలవాటైన మాట దానంతటదే నోట్లోంచి దూకింది. "పంపు గండన్నా."

*

ఆ పూట గంగకుంటలో తొమ్మిది పేర్లు రాసుకున్నారు. తిరుగు దారిలో సారు ముందుసీట్లో కూచుని ఆ జాబితాతో విసురుకుంటూ చాలా సంతోషంగా ఉన్నాడు. చెడ్డవాడు కాడు. పిల్లల పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాడు, డ్రైవర్లతో కలిసి టీ తాగుతాడు. ముందు నోట్లో ధైర్యం రావాలి, చదువు దాని వెంట అదే వస్తుంది అని ఆయన నమ్మకం. వచ్చిందా లేదా అని వెనక్కి తిరిగి చూసే తీరిక మాత్రం ఆయనకు లేదు.

"ఈ రూటు నీదే అన్వర్. అనం చదువు ఏడో తరగతి దాకా నా బాధ్యత. ఫీజు మాట నీ నోట రావద్దు," అన్నాడు.

సాయంత్రం అన్వర్ ఇంట్లో చాప మీద కూచుని కూతుర్ని పిలిచాడు. కరపత్రం పరిచి ఒక మాట మీద వేలు పెట్టాడు. బి, యు, ఎస్. బస్సుల ముందూ వెనకా చూసి చూసి అతనికి ఆ మూడక్షరాలు తెలుసు.

"గిదేంది బేటా?"

అనం కాగితం వైపు చూడలేదు. తండ్రి మొహంలోకి చూసింది. అక్కడ ఏదైనా ఆనవాలు దొరుకుతుందేమోనని వెతికినట్టు చూసింది. "స్కూల్," అంది.

"మంచిది," అన్నాడు అన్వర్. కాగితం తిప్పాడు. వెనక తెలుగు ఉంది. ఆ, క అనే అక్షరాలు గుర్తుపట్టింది. 'బడి' అన్న మాట దగ్గర ఆగిపోయింది. "అబ్బా, నిద్రొస్తాంది," అంది. ఇంకా దీపాలు కూడా పెట్టలేదు.

పిల్ల అవతలికి పోయాక అన్వర్ ఆమె సంచి తెరిచాడు. మూడో తరగతి నోటుబుక్కులు ఒక్కొక్కటే తీశాడు. ముత్యాల్లాంటి రాత. పేజీ పేజీకీ ఎర్రసిరా టిక్కులు, అక్కడక్కడా నక్షత్రాలు. ఒక్క తప్పు లేదు. బోర్డు మీదున్నదాన్ని ముగ్గు చూసి ముగ్గేసినట్టు దింపుకుందని అతనికి అప్పుడు అర్థమైంది. ఆ రాత అంత అందంగా ఉండటమే అతన్ని భయపెట్టింది.

షహర్ బాను మిషను తొక్కడం ఆపింది. అతను చెప్పింది పూర్తిగా విని, చాలాసేపు చేతిలోని లంగా అంచును మడతపెడుతూ విప్పుతూ కూచుంది.

"సారును అడుగు," అంది చివరికి.

"అడిగితే నేర్పుతడా? నేర్పేటోడైతే మూడేండ్ల నుంచి నేర్పకపోవునా?"

"మరేం జేస్తవ్? సర్కారు బడిల ఏముంది? ఒక్క పంతులమ్మ, ఐదు తరగతులు. ఆమె మండలం మీటింగుకు పోతే తాళం. వానొస్తే ఒక గది కురుస్తది. నేను రోజు సూస్తలేనా?" ఆమె గొంతు తగ్గించింది. "అండ్ల ఏస్తే గీ నౌకరీ ఉంటదా? సొంత బిడ్డనే తీసేస్తే ఊరంత ఏమంటది? సారు ఊకుంటడా?"

ఊరుకోడు. అన్వర్‌కూ తెలుసు. పసుపు వ్యాను మీద అసలు రాత ఆ పేరు కాదు, అనమే. ఆమె లేకపోతే ఆ వ్యానుకు అతనెందుకు?

*

రెండు రోజుల తర్వాత ఏ ఇంటి పిల్లలు ఎక్కడ ఎక్కుతారో చూసుకోవడానికి అన్వర్ ఊళ్లోకి పోయాడు. గండయ్య నీడపట్టున కూచుని తెగిన వల అల్లుతున్నాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించుకుని, చెక్కసూదితో దారం పోనిచ్చి, కన్ను కన్నుకూ ముడి బిగిస్తున్నాడు. మధ్యలో తల ఎత్తకుండానే మాట్లాడుతున్నాడు.

"దీపా, సొసైటీ కాయితం అవ్వకు సదివి వినిపియ్యి. మర్చిపోయినవ్ గద."

దీప లోపలి నుంచి కాగితం తెచ్చి అవ్వ పక్కన కూచుంది. "చెరువులో చేపపిల్లలు వదులు తేదీ..." అని మెల్లగా, కూడబలుక్కుంటూ చదివింది. ఒకచోట ఆగింది, వెనక్కి పోయింది, ఒత్తు సరిచేసుకుంది, ముందుకు కదిలింది. సంఘం సభ్యులందరూ పొద్దున ఎనిమిదికి రావాలని ఉంది. శివమ్మ తల ఊపింది. "ఎనిమిదికా? మొన్న ఏడంటిరి," అంది.

అన్వర్ అక్కడే గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. ఏడేళ్ల పిల్ల. "మంచిగ సదివింది గండన్నా," అన్నాడు.

"ఆ, తెలుగే గదనే. నత్తి నత్తిగ సదువుతది. నీ బిడ్డ లెక్క గడగడ రావాలె." గండయ్య దారం పళ్లతో కొరికాడు. "నేను ఆ కరపత్రాలు, గిరపత్రాలు నమ్మలే. నీ మాట మీద పంపుతున్న. నువ్వు మావోనివి."

అప్పుడు చెప్పాలి. మాట నాలిక చివరిదాకా వచ్చింది. అన్వర్ "సరే పోతున్న," అన్నాడు.

దారిలోనే బడి. రెండు గదులు, ముందొక వరండా. సెలవులే అయినా తలుపులు తీసి ఉన్నాయి. పార్వతీదేవి కొంగు నడుముకు దోపుకుని గది కడిగినట్టుంది, గచ్చు ఇంకా తడిగా ఉంది. ఇప్పుడు వరండాలో కూచుని పాత శుభలేఖలు కత్తిరిస్తోంది. ఆమె ముందు గుట్ట పోసి ఉన్నాయి. పసుపు పూసినవి, నెలవంక అచ్చేసినవి, వెల్వెట్టు అంటించినవి. వాటి వెనక ఖాళీభాగాన్ని అరచేతిలో పట్టేంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద లావుపాటి స్కెచ్ పెన్నుతో ఒక్కో అక్షరం రాస్తోంది. సన్నీ, ఇంకో ఇద్దరు పిల్లలు చుట్టూ చేరారు.

ఆమె రెండు ముక్కలు పక్కపక్కన పెట్టింది. "సన్నీ, మీ బాపు పొద్దున చెరువుల ఏమేస్తడు?"

"వల!"

"ఇదే అది. ఇది వ. ఇది ల. వల." ల ముక్క తీసేసింది. "ఇప్పుడు?" సన్నీ బుర్ర గోక్కున్నాడు. ఆమె తొందరపెట్టలేదు. ఇంకో శుభలేఖ అందుకుని కత్తిరించుకుంటూ కూచుంది. వాడు చాలాసేపటికి "వ" అన్నాడు. "ఇంకో రెండు ముక్కలు తే, పడవ చేద్దాం," అంది ఆమె. వాడు గుట్టలో పడి వెతకసాగాడు. ఇంకా పేరైనా రాయించుకోని పిల్లవాడు, పైగా పేరు కాన్వెంటు జాబితాలో ఉన్నవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా నేర్పుతోంది. అన్వర్‌కు ఆమె మీద ఒక్కసారిగా గౌరవం పుట్టుకొచ్చింది.

"అన్వర్ భాయ్, ఊరికే నిలబడకపోతే ఆ బెంచీ అటు పట్టు," అంది.

ఇద్దరూ కలిసి బెంచీ లోపల వేశారు. కురిసే గదిలో సామాను పెట్టి, బాగున్న గదిలో ఐదు తరగతులకూ ఐదు చాపలు పరిచింది ఆమె. మూడువైపులా గోడల కింది భాగానికి నల్లరంగు వేయించి ఉంది, ఏ వరుస పిల్లలు ఆ వరుసకు ఎదురుగా రాసుకునేలా. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతా నాలుగూ గోడల మీద రాస్తుంటాయి. "ఒక్కదాన్నే గద, గోడల్ని గూడ టీచర్లను చేసుకున్న," అంది.

అన్వర్ బెంచీ దుమ్ము దులుపుతూ అడిగాడు. "మేడం, మూడో తరగతి అయిపోయిన పిల్లకు సదవనీకి రాకపోతే ఏం జెయ్యాలె?"

"ఎవరి పిల్ల?"

"మా సుట్టాల పిల్ల."

పార్వతీదేవి అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి చూపు తిప్పేసుకుంది. "ఒకటో తరగతి వరుసల కూసోబెట్టాలె. ఆరు నెలలు. తెలివిగల పిల్లైతే ఇంకా జల్దీ వస్తది. కాని పెద్దపిల్ల చిన్నపిల్లల నడుమ కూసోవాలంటే మస్తు కష్టం. పిల్లలు ఒప్పుకున్నా తల్లిదండ్రులు ఒప్పుకోరు భాయ్. వాళ్లకు నామోషీ." కత్తెర చేతిలోకి తీసుకుంది. "ఈడ ఉంటే గద ఆ మాట. కొత్తోళ్లతోటి కలిపి ఈ యేడు ఇరవై ముగ్గురు రావాలె. తొమ్మిది మంది మీ వ్యాను ఎక్కితే పద్నాలుగు. ఇరవైకి తగ్గితే కరీంనగర్ రోడ్డవతలి బడిల కలుపుతరట. గా లారీల నడుమ ఈ చిన్నోళ్లు రోడ్డు దాటాలె."

ఆమె ఆ మాట అతన్ని తప్పుపడుతూ అనలేదు. వానొస్తుందేమో అన్నట్టు మామూలుగా అంది. తప్పుపట్టి ఉంటే బాగుండేదనిపించింది అన్వర్‌కు.

*

బడి తెరిచే రోజు. షహర్ బాను కూతురికి అన్నం కలిపి పెడుతూ, "ఏం జేస్తవో నువ్వే జెయ్యి. గాని పిల్లకు నచ్చజెప్పి జెయ్యి," అంది. అన్వర్ తల ఊపాడు. కమాను దాటి ఊళ్లోకి వచ్చేదాకా వ్యానులో ఒక్క మాటా చెప్పలేకపోయాడు. అనం ముందుసీట్లో బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూచుంది.

తొమ్మిదిమంది పిల్లలూ తయారై ఉన్నారు. కొత్త బూట్లు, నూనె కారే తలలు. సన్నీ అందరికంటే ముందు ఎక్కి కిటికీ పక్కన చోటు పట్టాడు. ముత్తయ్య అనే కూలీ తన ముగ్గురినీ ఎత్తి కూచోబెట్టాడు. గండయ్య దీప జడ సరిచేసి ఎక్కించాడు. తలుపు వేశారు.

అన్వర్ వ్యాను నడిపాడు. ఇరవై గజాలు పోయి సర్కారు బడి ముందు ఆపాడు. దిగి, అటు తిరిగి వచ్చి ముందు తలుపు తీశాడు.

"దిగు బేటా."

అనం దిగింది. ఎందుకని అడగలేదు. అతను ఆమె చెయ్యి పట్టుకుని బడి మెట్ల వైపు రెండడుగులు వేశాడు.

"ఏందే అన్వరూ, ఆపినవ్?" వెనక నుంచి గండయ్య వచ్చాడు. ఆ వెంటే శివమ్మ, ముత్తయ్య, ఇంకో నలుగురు. "నీ బిడ్డను ఈడెందుకు దింపినవ్?"

అన్వర్ వెనక్కి తిరిగాడు. చెప్పవలసిన మాట వారం రోజులుగా గొంతులో ఉంది. అందరి మొహాలూ ఒక్కసారి తన మీద పడేసరికి అది జారిపోయి, దాని చోట ఇంకోటి వచ్చింది.

"వ్యాన్ల తిరుగుతుంటే బిడ్డకు కడుపుల తిప్పుతాంది గండన్నా. అందుకే దగ్గరున్న బడిల..."

"గట్లనా?" శివమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇన్నేండ్ల సంది తిప్పని కడుపు గియ్యాల్నే తిప్పిందా?"

ఎవరో నవ్వారు. అన్వర్ నవ్వబోయాడు. అరచేతిలోంచి పిల్ల చెయ్యి విడిపోయింది.

"అబద్ధం," అంది అనం. "నా కడుపుల ఏం తిప్పుతలేదు."

ఆమె చేతులు వెనక్కి కట్టుకోలేదు. గడ్డం పైకెత్తలేదు. బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుని, ఒక్కొక్కరి మొహం చూస్తూ మాట్లాడింది.

"నాకు సదవనీకి రాదు. ఇంగ్లీషు రాదు, తెలుగు రాదు. సారు చెప్పింది చెప్పినట్టు యాది పెట్టుకుంట. గంతే. మొన్న గా కాయితం గూడ సదవలే అవ్వా. యాదికున్నదే చెప్పిన."

అన్వర్ వంగి కూతురి భుజం పట్టుకున్నాడు. "బేటా, నాకెందుకు చెప్పలే?"

"నాకు రెండో తరగతిలనే ఎర్కైంది అబ్బా. సారును అడిగిన. నువ్వు మంచిగ మాట్లాడితెనే మీ అబ్బకు వ్యాన్ ఉంటది అన్నడు." అప్పటిదాకా గట్టిగా ఉన్న గొంతు అక్కడ కదిలింది. "నేను రాదంటే నీ నౌకరీ పోతదని చెప్పలే."

అన్వర్ ఆ మట్టిలోనే గొంతుక్కూచున్నాడు. అన్నేళ్లుగా ఆ ఇంటిని నెట్టుకొస్తున్నది తానేనని అతను అనుకుంటూ ఉన్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల ఆ బరువు ఒంటరిగా మోసింది, ఎండలో టై కట్టుకుని మోసింది, ఒక్కనాడూ ముఖం ముడుచుకోలేదు. ఈ రోజు అడగకుండానే దించేసింది. అంత ధైర్యం ఆ ఊళ్లో ఇంకెవరికి ఉంది? కళ్లు తుడుచుకుని లేచాడు.

"గండన్నా, నా బిడ్డ చెప్పిందే నిజం. నా మాట మీద పంపుతున్న అన్నవ్ గద. ఆ మాట తప్పు. నాకు వారం కిందనే ఎర్క. చెప్పనీకి దమ్ము రాలే."

గండయ్య పోయి వ్యాను తలుపు తీశాడు. "దీపా, దిగు." దీప దిగింది. సన్నీ కిటికీ కడ్డీ పట్టుకుని రాగం అందుకున్నాడు. వాడికి వ్యాను కావాలి. తండ్రి రెండు చేతులా విడదీసి, తన్నుకుంటున్నవాణ్ని భుజాన వేసుకున్నాడు. ఇంకో ఇంటి పిల్లలిద్దరు కూడా దిగారు.

ముత్తయ్య కదల్లేదు. "మీది మీరు సూసుకోండ్రి. నోటికన్న వస్తాంది గద, గది గూడ రాకపోతే మా లెక్కనే నెత్తిమీద తట్ట మోసుడే. టీచరమ్మ మీటింగుకు పోతే ఈడ ఎవరున్నరు? మా పిల్లలు కాన్వెంటుకే పోతరు." అతని మాటలోనూ తప్పేం లేదు. అతని ముగ్గురూ, ఇంకో ఇద్దరూ వ్యానులోనే కూచున్నారు.

పార్వతీదేవి గుమ్మంలోకి వచ్చి అప్పటికే అంతా విన్నట్టుంది. రిజిస్టరు తెరిచింది. "పేరు?"

"అనం."

"తరగతి?"

"ఒకటిల రాయుండ్రి," అంది అనం.

"కాయితం మీద నాలుగే రాస్త. కూసునేది మాత్రం ఒకటో తరగతి వరుసల. పిల్లలు నవ్వుతరు. ఒక రెండు రోజులు నవ్వుతరు, తర్వాత వాళ్లకే ఇసుగొస్తది. సరేనా?"

"సరే."

ఆమె రాసుకుని, మనసులో లెక్కవేసుకుంది. "పందొమ్మిది. ఇంకొక్కరు గావాలె," అని రిజిస్టరు మూసింది. "సాయంత్రం తిరుగుత."

అనం మెట్ల దగ్గర బూట్లు, సాక్సులు విప్పి వరుసగా పెట్టింది. లోపలికి పోయి అన్నిటికంటే ముందున్న చాప మీద, ఐదేళ్ల ఆరేళ్ల పిల్లల మధ్య కూచుంది. కూచున్నా ఆమె తల వాళ్లందరికంటే పైకి కనిపిస్తోంది. పక్కవరుసలోంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు అందుకున్నాడు. పార్వతీదేవి అక్షరాల ముక్కలు తలా నాలుగు పంచుకుంటూ వచ్చి ఆమె ముందు కూడా పెట్టింది.

అనం మొదటి ముక్క తీసి దగ్గరగా పట్టుకుని చూసింది. చెయ్యెత్తింది.

"మేడం, నాకు తెల్వదు. గిది ఏ అక్షరం?"

గదిలో అందరికీ వినిపించేలా అడిగింది. బయట వ్యానులో పిల్లలు హారను కొడుతున్నారు. అన్వర్ కదల్లేదు. పార్వతీదేవి జవాబు చెప్పేదాకా, అనం దాన్ని తిరిగి పలికేదాకా గుమ్మం పక్కనే నిలబడ్డాడు. తర్వాత వ్యాను దగ్గరికి నడిచాడు. ముందు ఈ ఐదుగురినీ జాగ్రత్తగా దించాలి, ఆ తర్వాతే సారు చేతిలో తాళంచెవి పెట్టాలి.